ఒప్పుకునే వెళ్ళిందట

స్కార్వోయ దీవి ఫుట్‌బాల్ క్లబ్బు నవంబరు ఇరవై ఆరున తన పేజీలో పెట్టిన ప్రకటనలో మూడే వాక్యాలున్నాయి. ఆడపిల్లల జట్టును పై డివిజన్‌కు చేర్చిన కోచ్ సిగ్రున్ నెస్‌బక్కూ, క్లబ్బూ పరస్పరం ఒప్పుకుని విడిపోతున్నారని మొదటిది. ఆమెకు బోలెడు కృతజ్ఞతలని రెండోది. కొత్త కోచ్ పేరు త్వరలో చెబుతామని మూడోది. సిగ్రున్ దాన్ని తను పనిచేసే ఫెర్రీ పడవ మీద, వానకోటులో, కార్లను వరుసల్లో నిలబెడుతూ ఫోనులో చదివింది. చదువుతున్నప్పుడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఎదురుగా వస్తున్న చేపల లారీవాడు ఆగమందనుకుని ఆగాడు. వెనకవాళ్ళంతా హారన్లు మోగించారు.

ఉత్తరాన ఉన్న ఆ చలిదేశంలో నవంబరు వచ్చిందంటే కోచ్‌లు రాలిపోవడం మొదలవుతుంది. పైకి వెళ్ళిన జట్టుకు ఇంకా పెద్ద కోచ్ కావాలి, కిందికి దిగిన జట్టుకు ఎవరో ఒకరు బలి కావాలి, మధ్యలో ఉన్న జట్టుకు ఊరికే మార్పు కావాలి. కానీ ఎవరినీ ఎవరూ తీసెయ్యరు. అందరూ ఒప్పుకునే పోతారు. మెడపట్టి గెంటించుకున్నవాడు కూడా గుమ్మం బయట మోకాళ్ళు దులుపుకుంటూ, మేమిద్దరం మాట్లాడుకునే ఇలా పడ్డాం అంటాడు. ఇన్నేళ్ళూ ఇలాంటి ప్రకటనలు చదివి నవ్వుకున్న సిగ్రున్‌కు తన పేరు పక్కన అదే మాట చూస్తే ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి. సరిగ్గా పది రోజుల కిందట ఆఖరి మ్యాచి అయ్యాక, బట్టలు మార్చుకునే గదిలో, బురదలో మునిగిన ఇరవై రెండు మంది పిల్లలు ఆమెను చుట్టుముట్టారు. ఎగిరారు, ఏడ్చారు, ఆమె నెత్తిన నీళ్ళు పోశారు. కెప్టెన్ టిరిల్ మాత్రం నవ్వకుండా అడిగింది.

"పైకెళ్ళాం సరే. నువ్వుంటావా? పెద్ద క్లబ్బువాళ్ళెవరన్నా చెయ్యి ఊపితే పోతావా?"

"ఈ దీవి నుంచి నన్ను ఎత్తుకుపోవాలంటే ఫెర్రీ మీదే కదా పోవాలి. ఫెర్రీ మీద ఉండేది నేనే. ఎవడు ఎత్తుకుపోతాడే?"

"జోకులొద్దు. చెప్పు."

"ఏప్రిల్లో మొదటి మ్యాచికి గీత పక్కన నేనే నిలబడతాను. మాటిస్తున్నా."

ఇరవై రెండు మంది విన్నారు. ఆ మాట నీళ్ళలో తడిసిన చొక్కా ఆరకముందే గాలికి పోయింది. అంతకంటే ఘోరం, దాన్ని గాలికి వదిలింది ఆమేనని ఇప్పుడు ప్రపంచమంతా చదువుతోంది. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఆ పిల్లలు, పైకి రాగానే ఇదే మమ్మల్ని వదిలేసి పోయింది అనుకోవడం ఇంకో ఎత్తు. ఆ రెండోదాన్ని సిగ్రున్ మింగలేకపోయింది.

అసలు జరిగింది ఇది.

ఆ మ్యాచి అయిన వారానికి, క్లబ్బు అధ్యక్షుడు ఆర్న్‌ఫిన్ ఆమెను రేవు దగ్గరి కాఫీ హోటలుకు రమ్మన్నాడు. ఆర్న్‌ఫిన్‌కు పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డుంది. చెడ్డవాడు కాదు. అసలు చిక్కే అది. చెడ్డవాడైతే తిట్టి పోయేవాళ్ళం. ఆర్న్‌ఫిన్‌కు గొడవంటే భయం. ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యలోకి కాఫీ కూజా పట్టుకుని దూరేవాడు. పోట్లాట ఎందుకొచ్చిందో, న్యాయం ఎవరిదో అతనికి అక్కరలేదు, అందరూ కప్పు పట్టుకుంటే చాలు.

"పై డివిజన్‌కి రూలు తెలుసుగా సిగ్రున్. కోచ్‌కి పెద్ద లైసెన్సుండాలి. కనీసం ఆ కోర్సులో సీటైనా ఉండాలి."

"సీటుకి దరఖాస్తు పెట్టానుగా. ఆగస్టులో నీ చేతికే ఇచ్చా. క్లబ్బు సంతకం చేసి పంపాలన్నా."

ఆర్న్‌ఫిన్ కప్పును సాసరులో గుండ్రంగా తిప్పాడు. "ఇచ్చావు. అప్పుడు మనం ఆరో స్థానంలో ఉన్నాం. ఎలాగూ పైకి రాం, వచ్చే ఏడు చూద్దాంలే అని సొరుగులో పెట్టా. ఈలోపు గడువు దాటిపోయింది."

గడువు దాటిపోయిందట. నిన్న వాన పడింది అన్నంత తేలిగ్గా అన్నాడు.

"యా," అంది సిగ్రున్.

ఆ యా ఎలాంటిదో చెప్పాలి. ఆ తీరంలో పుట్టినవాళ్ళు 'అవును' అనే మాటను గాలి వదులుతూ అనరు, లోపలికి పీలుస్తూ అంటారు. చన్నీళ్ళలో కాలు పెట్టినవాడి నోట్లోంచి వచ్చినట్టు వస్తుంది. దానికి అవును అని అర్థం ఉండొచ్చు. విన్నాను అని ఉండొచ్చు, అలాగా అని ఉండొచ్చు, నీ మొహంలే అని కూడా ఉండొచ్చు. ఎదుటివాడు ముఖం చూసి పోల్చుకోవాలి. ఆర్న్‌ఫిన్ ఆ పూట సిగ్రున్ ముఖం చూడలేదు. కాఫీలోకి చూస్తున్నాడు.

"ఇప్పుడు ప్రేబెన్ ఖాళీగా ఉన్నాడు," అన్నాడు.

"ఏ ప్రేబెన్? గ్రాన్‌వోగ్ ప్రేబెనా? ఏడాదంతా కలిపి మూడు మ్యాచులు గెలిచి జట్టుని కింద డివిజన్‌కి దింపినవాడా?"

"దింపాడు. కానీ లైసెన్సుతో దింపాడు."

పరాచికానికి అనలేదు పాపం, నిజంగానే అన్నాడు. మునిగిన పడవ సరంగును తెచ్చి, ఒడ్డుకు చేర్చినదాన్ని దింపేస్తున్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ సామెత పుట్టిన చోటికీ ఈ దీవికీ ఎన్ని సముద్రాలున్నా, ఏరు దాటినవాళ్ళ బుద్ధి అంతటా ఒకటే.

"ప్రేబెన్ సహాయకుణ్ణి కూడా తనే తెచ్చుకుంటాడట, ఆ చోటూ నీకు ఉండదు. కాబట్టి ఇద్దరం ఒప్పుకునే విడిపోతున్నాం అని రాద్దాం. నీకూ మర్యాదగా ఉంటుంది," అన్నాడు ఆర్న్‌ఫిన్.

సిగ్రున్ గాలి లోపలికి పీల్చింది. మనిషికి పొట్టలో పోటు పడినా గాలి లోపలికే పోతుంది. ఆ గాలితో పాటు పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు కొద్దీ "యా" కూడా పోయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇక్కడ ఊపిరి పూర్తి అంగీకారమైంది. ఆర్న్‌ఫిన్ హమ్మయ్య అనుకుని ఆమె కప్పు నింపాడు.

ప్రకటన చదివిన వెంటనే, ఫెర్రీ అవతలి రేవు చేరేలోపే, ఆమె అతనికి ఫోను చేసింది.

"నేనెప్పుడు ఒప్పుకున్నాను ఆర్న్‌ఫిన్?"

"అదేంటి, కాఫీ దగ్గర యా అన్నావుగా."

"లోపలికి పీల్చిన యా అది!"

"యా యానే కదా."

"నీ షెడ్డు తగలబడుతోందని ఎవడైనా పరిగెత్తుకొచ్చి చెబితే నువ్వూ యా అనే పీలుస్తావు. అంటే తగలబెట్టమన్నట్టా?"

ఆర్న్‌ఫిన్ గొంతు తగ్గించి, ఆమెను పూర్తిగా కట్టిపడేసే మాట అన్నాడు. "చూడు, పై డివిజన్‌లో ఆడడానికి క్లబ్బుకి కావలసిన లైసెన్సు కాగితాలు ఇంకా ఫుట్‌బాల్ సమాఖ్యవాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు నువ్వు పేపరుకెక్కితే, ఆ దరఖాస్తు సంగతీ సొరుగు సంగతీ అన్నీ తవ్వుతారు. క్లబ్బు నడిపే తీరు బాగాలేదని ప్రమోషన్ ఆపినా ఆపుతారు. పిల్లల నోటి దగ్గర కూడు నువ్వు తీస్తానంటే నీ ఇష్టం."

సిగ్రున్ ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, గిన్నెలు తుడుస్తూ, మొగుడు ఐవిన్‌కు మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఐవిన్ వడ్రంగి, మాట తక్కువ మనిషి. అంతా విని, తల పంకించి, గాలి పీలుస్తూ "యా" అన్నాడు.

గిన్నెలు తుడిచే గుడ్డ వెళ్ళి అతని ముఖానికి తగిలింది.

"నేను విన్నానని అన్నానే!"

"అదే! విన్నానని! ఈ దీవిలో అందరికీ తెలుసు విన్నానని! ఒక్కడికి తప్ప!"

చలికాలం అలా మొదలైంది. సిగ్రున్ నోరు కుట్టుకుంది, పిల్లల కోసం. రోజుకు పద్నాలుగు సార్లు ఫెర్రీ దీవికీ నేలకూ మధ్య తిరుగుతుంది, దీవిలో ప్రతివాళ్ళూ దాని మీదే పోవాలి, కాబట్టి ప్రతివాళ్ళూ ఆమె ముందు నుంచే పోయారు. కారు అద్దం దించి ఒక్కొక్కరూ ఒక్కో రాయి వేసి వెళ్ళారు, పువ్వు అనుకుని.

"పేరున్నప్పుడే దిగిపోయావు సిగ్రున్, అందరికీ రాదు ఆ బుద్ధి," అంది ఎర్ర కారు ఆస్‌లౌగ్. ఆమె క్లబ్బు వంటగదిలో ముప్పై ఏళ్ళుగా వాఫుల్స్ అనే గళ్ళ అట్లు వేసే మనిషి. "విశ్రాంతి తీసుకో, నీ మోకాళ్ళకీ మంచిది," అన్నాడు పోస్టు ఆఫీసువాడు. "అయినా ఇద్దరూ గొడవ లేకుండా విడిపోవడం ఎంత బాగుందో," అంది ఇంకొకామె. ఆమెకు ఈ మధ్యే విడాకులైనాయి, అసూయ పడిందేమో.

సిగ్రున్ చెయ్యి ఊపి ముందుకు పంపింది, అందరినీ. అద్దం మీద ఆ చేత్తో ఒక్కటి వెయ్యాలని ఎన్నిసార్లు అనిపించిందో ఆమెకే తెలుసు.

టిరిల్ అద్దం దించనే లేదు. టిరిల్‌కు ఇరవై మూడేళ్ళు. సాల్మన్ చేపల పెంపకం దగ్గర ఉద్యోగం, వెనక వరుసలో కొండలా నిలబడి ఆడుతుంది. పదకొండేళ్ళ వయసులో ఆమెకు బూట్ల తాళ్ళు గట్టిగా కట్టుకోవడం నేర్పింది సిగ్రునే. డిసెంబరంతా ఆ పిల్ల కారులో ముందుకు చూస్తూ, చూపు ఒక్క వేలెడు కూడా పక్కకు తిప్పకుండా వెళ్ళింది. జనవరిలో ప్రేబెన్‌ను ప్రకటించిన మర్నాడు సిగ్రున్ ఉండబట్టలేక కారు అద్దం మీద వేళ్ళతో కొట్టింది. టిరిల్ రెండంగుళాలు దించింది.

"ప్రాక్టీసుకి టైమవుతోంది."

"టిరిల్, ఒక్క నిమిషం."

"నువ్వు ఒప్పుకున్నావని రాశారు. అబద్ధమా?"

సిగ్రున్ నోరు తెరిచింది. క్లబ్బు లైసెన్సు ఇంకా రాలేదు. ఈ పిల్లకు చెబితే సాయంత్రానికి ఇరవై రెండు మందికీ తెలుస్తుంది, రాత్రికి పేపరువాడికీ తెలుస్తుంది.

"ఇప్పుడు చెప్పలేను."

"సరే అయితే," అంది టిరిల్. రెండంగుళాల అద్దం పైకి లేచింది.

ఆ రోజు సిగ్రున్ ఫెర్రీ మీది సామాను గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఇనుప బకెట్టును తన్నింది. బకెట్టుకు సొట్ట పడింది, ఆమె కాలి బొటనవేలు వాచింది. ఆర్న్‌ఫిన్ మీద కోపం, తన ఊపిరి మీద కోపం, ఆ పిల్ల మీద కూడా కోపం. పన్నెండేళ్ళు చూసిందే నన్ను, మూడు వాక్యాలు చదివి నమ్మేస్తుందా?

ఫిబ్రవరి ఆఖరి వారంలో క్లబ్బుకు లైసెన్సు వచ్చింది. స్కార్వోయ పై డివిజన్‌లో ఆడొచ్చు. ఇక ఎవరూ ఆపలేరు. సిగ్రున్ ఆ వార్త చదివి క్యాలెండరు తీసింది. మార్చి రెండో గురువారం, సాయంత్రం ఆరింటికి, బడి వ్యాయామశాలలో క్లబ్బు వార్షిక సమావేశం. ఆ దేశంలో క్లబ్బు అధ్యక్షుడిది కాదు, సభ్యులది. ఏడాది నివేదిక సభ్యుల ముందు చదవాలి, వాళ్ళు ఆమోదించాలి. ఆ నివేదికలో ఆ మాట ఉంటుంది. ఆ మాట కొట్టేయించాలి. ఆమెకు ఉద్యోగం తిరిగి రాదు, అది ఆమె అడగడమూ లేదు. 'ఒప్పుకుని' అనే ఒక్క మాట తీసి, 'తొలగించాం' అని రాయాలి. అంతే.

ఆమె ఒక కాగితం మీద రాసుకుంది. ఐవిన్‌కు చదివి వినిపించింది. ఐవిన్ ఈసారి నోరు పెద్దగా తెరిచి, గాలి బయటికి వదులుతూ "బాగుంది" అన్నాడు.

సమావేశానికి ఓటున్న సభ్యులు ఎనభై ఆరు మంది వచ్చారు. అంతమంది ఎప్పుడూ రారు, ప్రమోషన్ వచ్చింది కదా. గోడ వారగా బల్ల మీద వాఫుల్సూ, గోధుమరంగు చీజూ, కాఫీ కూజాలూ. ఆస్‌లౌగ్ పిండి గరిటెతో హాలంతా వాసన నింపుతోంది. పిల్లలందరూ ఒక వరుసలో కూర్చున్నారు, మధ్యలో టిరిల్. చివరి కుర్చీలో ప్రేబెన్ ఉన్నాడు, సన్నగా, పొడుగ్గా, ఎవరి దారికీ అడ్డురాకుండా కాళ్ళు ముడుచుకుని.

సమావేశం నడిపేది టోర్‌లైవ్, పదవీ విరమణ చేసిన హెడ్‌మాస్టరు. అతని చేతిలో చిన్న చెక్క సుత్తి. అతను ఎజెండా చదివి, "అభ్యంతరాలున్నాయా?" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. "చప్పట్లతో ఆమోదం," అని సుత్తి కొట్టాడు. ఆ దీవిలో పద్ధతి అది. చేతులెత్తడం, లెక్కపెట్టడం, ఫలానావాడు వ్యతిరేకించాడని అందరికీ కనబడడం, ఇవన్నీ వాళ్ళకు మొరటు పనులు. చప్పట్లు కొడితే సరిపోతుంది, ఎవరు కొట్టారో ఎవరు కొట్టలేదో తెలియదు. బడిపిల్లల జట్ల వేళలు చప్పట్లతో ఆమోదం. మైదానం పక్కన కొత్త కంచె చప్పట్లతో ఆమోదం. సుత్తి టకటకమంటోంది.

తర్వాత ఏడాది నివేదిక. టోర్‌లైవ్ కళ్ళజోడు సవరించుకుని, హెడ్‌మాస్టరు గొంతుతో చదివాడు. ఏడో పేజీకి వచ్చేసరికి సిగ్రున్ కాగితం మడత విప్పింది.

"మన మహిళల జట్టు చరిత్రలో మొదటిసారి పై డివిజన్‌కు చేరింది. జట్టును పిల్లల స్థాయి నుంచి పన్నెండేళ్ళు నడిపిన కోచ్ సిగ్రున్ నెస్‌బక్ క్లబ్బుతో పరస్పర అంగీకారంతో బాధ్యతల నుంచి తప్పుకున్నారు. ఆమె లేకపోతే ఈ విజయం లేదు. క్లబ్బు ఆమెకు శిరసు వంచి నమస్కరిస్తోంది."

సిగ్రున్ లేచి నిలబడింది, మాట్లాడడానికి.

ఆమె లేవడం చూసి ఆస్‌లౌగ్ గరిటె కింద పడేసి చప్పట్లు మొదలుపెట్టింది. పోస్టు ఆఫీసువాడు లేచి నిలబడ్డాడు. ఆ వెంటనే హాలంతా లేచింది. కుర్చీలు కిరకిరమన్నాయి. పిల్లలు లేచారు, అందరికంటే చివర టిరిల్ కూడా లేచింది. సిగ్రున్ "ఒక్క మాట" అంది. ఎవరికీ వినబడలేదు. ఆమె పెదాలు కదలడం చూసి థాంక్స్ చెబుతోందనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. కొందరి కళ్ళలో నీళ్ళు. ఆర్న్‌ఫిన్ బల్ల కింద దాచిన పూలగుత్తి తీసుకుని, కుర్చీల మధ్య నుంచి వచ్చి ఆమె చేతుల్లో పెట్టి, ఆమెను కావలించుకున్నాడు. ఆమె కాగితం పూలకూ అతని కోటుకూ మధ్య నలిగిపోయింది.

సుత్తి పడింది. టక్.

"నివేదిక చప్పట్లతో ఆమోదం పొందింది," అన్నాడు టోర్‌లైవ్. "తర్వాతి అంశం."

"ఆపండి!"

లారీలను ఆపే గొంతు అది. హాలు ఆగిపోయింది.

"నేను ఒప్పుకోలేదు," అంది సిగ్రున్. "ఆ మాట అబద్ధం. కొట్టెయ్యండి."

టోర్‌లైవ్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఆ అంశం అయిపోయింది సిగ్రున్."

"ఎలా అయిపోయింది? వీళ్ళు నాకు చప్పట్లు కొట్టారా, కాగితానికి కొట్టారా?"

టోర్‌లైవ్ జీవితంలో ఎవరూ అడగని ప్రశ్న అది. కాస్త ఆలోచించాడు. "రెండింటికీ అనుకోవాలి," అన్నాడు.

"నా మీద ప్రేమతో కొట్టిన చప్పట్లే నాకు వ్యతిరేకంగా ఓట్లయ్యాయన్నమాట. మంచిది. ఇప్పుడు వినండి." ఆమె నలిగిన కాగితం చూడలేదు. "ఆగస్టులో లైసెన్సు కోర్సుకి దరఖాస్తు పెట్టాను. క్లబ్బు సంతకం చేసి పంపాలి. ఆర్న్‌ఫిన్ సొరుగులో పెట్టాడు. ఎందుకో తెలుసా? మీరు పైకి రారని. ఈ పిల్లలు పైకి రారని! పైకొచ్చాక, నీకు లైసెన్సు లేదు పో అన్నాడు. నేను బిత్తరపోయి గాలి పీలిస్తే, ఒప్పుకుందని రాసుకున్నాడు. క్లబ్బు లైసెన్సు వచ్చేదాకా నోరు మూసుకోమన్నాడు, మూసుకున్నాను. ఇదీ మీ పరస్పర అంగీకారం."

ఆర్న్‌ఫిన్ ముఖం వాఫుల్ పిండిలా పాలిపోయింది. "ఇక్కడెందుకు సిగ్రున్ ఇవన్నీ. రేపు కూర్చుని కాఫీ తాగుతూ..."

"నీతో కాఫీ తాగే ఇక్కడికొచ్చాను!"

"అందరికీ నువ్వంటే ఎంత ప్రేమో ఇప్పుడే చూశావు కదా."

"చూశాను. అయితే ప్రేమగా గెంటామని రాయి! నాకేం అభ్యంతరం లేదు!"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. టోర్‌లైవ్ రూళ్ళ పుస్తకం తిరగేశాడు. అతనికి సిగ్రున్ మీద ద్వేషం లేదు, ఆర్న్‌ఫిన్ మీద ప్రేమా లేదు, రూలు మీదే అతని కాపురమంతా. ఆమోదం పొందిన అంశాన్ని మళ్ళీ తెరవాలంటే మూడింట రెండు వంతుల మంది కావాలి అన్నాడు. ఎనభై ఆరు మందిలో యాభై ఎనిమిది. చేతులెత్తాలి. చప్పట్లు కుదరవు.

చేతులెత్తాలి అనగానే ఎనభై ఆరు మందీ నేలకేసి చూశారు.

మొదట ఐవిన్ ఎత్తాడు. తర్వాత టిరిల్ చెయ్యి లేచింది, నిటారుగా, ఆఫ్‌సైడ్ అని రెఫరీకి చూపించినట్టు. ఆమె పక్క నుంచి వరుసంతా లేచింది. వాళ్ళ అమ్మలు కొందరు, నాన్నలు కొందరు. చివరి కుర్చీలో ప్రేబెన్ మెల్లగా చెయ్యెత్తాడు.

"నువ్వు సభ్యుడివై మూడు వారాలే అయింది ప్రేబెన్," అన్నాడు టోర్‌లైవ్. "నెల నిండందే ఓటు లేదు."

"తెలుసు," అన్నాడు ప్రేబెన్. చెయ్యి దించలేదు. "గ్రాన్‌వోగ్‌లో నేనూ ఒప్పుకున్నానట. పేపర్లో చూసి తెలుసుకున్నా."

టోర్‌లైవ్ లెక్కపెట్టాడు. ఒకసారి పెట్టి, నమ్మకం లేక ఇంకోసారి పెట్టాడు. ముప్పై తొమ్మిది.

సిగ్రున్ ఎత్తిన చేతులు చూడలేదు. ఎత్తనివాటిని చూసింది, ఒక్కొక్కటీ. పోస్టు ఆఫీసువాడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆస్‌లౌగ్ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, చేతులు మాత్రం ఏప్రను తుడుస్తున్నాయి. ఇప్పుడే ఇదే చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాయి.

"ఏమనుకోకు సిగ్రున్," అంది ఆస్‌లౌగ్. "నువ్వంటే ప్రాణం నాకు. కానీ కొత్త కోచ్ వచ్చేశాడు, మూడు వారాల్లో సీజను. ఇప్పుడా మాట మారిస్తే ఏం లాభం చెప్పు?"

"నాకేం లాభం లేదు ఆస్‌లౌగ్. అది అబద్ధం, అంతే. అబద్ధమని నీకిప్పుడు తెలుసు. తెలిసీ చెయ్యెత్తలేదు. ఇందాకటి చప్పట్లు తిరిగి తీసుకుపో, నాకొద్దు."

సుత్తి పడింది. సిగ్రున్ ఒప్పుకుందా లేదా అన్న విషయం మళ్ళీ తెరవకూడదని సభ నిర్ణయించింది. టోర్‌లైవ్ అలాగే రాశాడు, గుండ్రటి అక్షరాలతో. తను ఒప్పుకోలేదని చెప్పుకునే హక్కు కూడా ఓటింగులో పోగొట్టుకున్న మనిషిని ప్రపంచంలో ఇంకెవరినైనా చూశారా? కాసేపు విరామం ప్రకటించారు. జనం కాఫీ బల్ల వైపు కదిలారు, హమ్మయ్య అన్నట్టు, గొడవ అయిపోయిందన్నట్టు. ఆర్న్‌ఫిన్ అప్పుడే కూజా అందుకున్నాడు.

సిగ్రున్ పూలగుత్తి పట్టుకుని అక్కడే నిలబడింది. కోపం ఎటు పోవాలో తెలియక ఒళ్ళంతా తిరుగుతోంది. టిరిల్ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ పిల్ల ముఖం కందిపోయి ఉంది.

"ఎందుకు చెప్పలేదు నాకు? ఆ రోజు ఫెర్రీ మీద అడిగాను కదా!"

"చెబితే మీ ప్రమోషన్ పోతుందేమోనని భయపడ్డా."

"ఈ చలికాలమంతా నీ మీద కోపంతోనే పరిగెత్తాను తెలుసా? మైదానం వెనకాల కొండెక్కేటప్పుడు అడుగడుగుకీ నిన్నే తిట్టుకున్నా. ఎప్పుడూ లేనంత బలమొచ్చింది కాళ్ళకి. ఇప్పుడా కోపాన్ని ఏం చేసుకోను?"

ఆ పిల్ల ఏడుస్తోంది, ఏడుస్తున్నందుకు ఇంకా కోపం తెచ్చుకుంటోంది. సిగ్రున్‌కు ఆమెను దగ్గరికి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. కోచ్‌గా ఆమె పన్నెండేళ్ళు చేసిన పని అది కాదు.

"పారెయ్యకు," అంది. "చాలా మంచి కోపం అది. మొహం మాత్రం అటు తిప్పు."

టిరిల్ అటు చూసింది. అక్కడ ఆర్న్‌ఫిన్ నవ్వు ముఖంతో కప్పులు నింపుతున్నాడు. టిరిల్ సిగ్రున్ చేతుల్లోంచి పూలగుత్తి లాక్కుంది. కుర్చీలు పక్కకు తోసుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి, దాన్ని వాఫుల్స్ పళ్ళెం మీద పడేసింది. ఆమె వెనక జట్టులో మిగిలినవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

"ఇవి వెళ్ళిపోయేవాళ్ళకిచ్చే పూలు," అంది టిరిల్. "మా కోచ్ వెళ్ళలేదు. నువ్వు పంపేశావు. మేం పైకి రామనుకున్నది కూడా నువ్వే. ఇప్పుడు మాకు సమాధానం చెప్పు."